బంతిలో వలపక్షం: అంతియొకయలో పౌలు పేతురును ఎందుకు నిలదీశాడు?

పౌలు గలతీయులకు రాసిన పత్రికలోని 2:16 మన సంఘాల్లో చాలామందికి కంఠతా వచ్చు. “మనుష్యుడు యేసుక్రీస్తునందలి విశ్వాసమువలననేగాని ధర్మశాస్త్ర సంబంధమైన క్రియల మూలమున నీతిమంతుడుగా తీర్చబడడని యెరిగి...” అని మొదలయ్యే మాట. అంటే, మోషే ధర్మశాస్త్రం పాటించడం వల్ల కాదు, యేసును నమ్మడం వల్లే దేవుడు మనిషిని నిర్దోషి అని తీర్పు తీరుస్తాడని. బాప్తిస్మం ముందు నేర్పే పాఠాల్లో ఉంటుంది, సంస్కరణ ఆదివారం నాడు దాని మీద ప్రసంగాలు వింటాం. అయితే పౌలు ఈ మాట దగ్గరికి ఎలా వచ్చాడో తెలియాలంటే పైనున్న ఐదారు వచనాలు కూడా చదవాలి. అక్కడ ఉన్నది అన్నం దగ్గర వచ్చిన గొడవ. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినవచ్చు అన్న విషయంలో ఒక అపొస్తలుడు ఇంకో అపొస్తలుణ్ణి అందరి ఎదుట ముఖాముఖిగా నిలదీశాడు. ఆ సంగతి చెబుతూ చెబుతూనే 16వ వచనంలోకి వచ్చాడు. ఆ భోజనపు బంతిని పక్కనపెట్టి ఈ బోధను చదివితే మనకు అందేది సగమే అని నా గట్టి నమ్మకం.

అంతియొకయ ఒరొంటెస్ నది ఒడ్డున ఉన్న పెద్ద పట్నం. ఇప్పుడది టర్కీ దేశంలో అంతాక్య. ఆ రోజుల్లో రోము, అలెగ్జాండ్రియాల తర్వాత సామ్రాజ్యంలో మూడో స్థానం దానిదేనని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. యెరూషలేములో స్తెఫను అనే శిష్యుణ్ణి రాళ్లతో కొట్టి చంపాక చెదిరిపోయిన విశ్వాసులు అక్కడి వరకూ వచ్చారు. మొదట యూదులకే వాక్యం చెప్పారు. కుప్ర, కురేనే ప్రాంతాల నుంచి వచ్చిన కొందరు మాత్రం గ్రీసువాళ్లతో కూడా ప్రభువును గురించి మాట్లాడారు (అపొస్తలుల కార్యములు 11:20). ఆ పుస్తకం రాసిన లూకా వాళ్ల పేర్లు కూడా రాయలేదు. ఆ పేరు తెలియని మనుషుల వల్లే యూదులూ, యూదులు కానివాళ్లూ కలిసిన సంఘం ఒకటి అక్కడ నిలబడింది. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులు అని పిలిచింది కూడా ఆ ఊళ్లోనే.

వాళ్లు కలిసి ప్రార్థన చేయడమే కాదు, కలిసి తినేవాళ్లు. అప్పట్లో ప్రభువు బల్ల అంటే ఇప్పుడు మనం తీసుకునే చిన్న రొట్టె ముక్క, చిన్న గిన్నెలో ద్రాక్షారసం మాత్రమే కాదు. దాంతోపాటు కడుపునిండా భోజనం ఉండేది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం చూస్తే అది తెలుస్తుంది. కాబట్టి అన్నం దగ్గర వేరుగా కూర్చోవడం అంటే ప్రభువు బల్ల దగ్గర కూడా వేరైపోవడమే.

పేతురు అంతియొకయకు వచ్చినప్పుడు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో కలిసి తిన్నాడు. తినడానికి ఆయనకు కారణం ఉంది. యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంటి మిద్దె మీద ఆయనకు దర్శనం వచ్చింది. దేవుడు పవిత్రం చేసినదాన్ని నువ్వు నిషిద్ధమని అనకు అన్న మాట మూడుసార్లు విన్నాడు. ఆ వెంటనే కైసరయలో కొర్నేలి అనే రోమా శతాధిపతి ఇంట్లో అడుగుపెట్టాడు. పేతురు ఇంకా మాట్లాడుతుండగానే పరిశుద్ధాత్మ ఆ ఇంటివాళ్ల మీదికి దిగాడు. అప్పటికి వాళ్లకు సున్నతి లేదు, బాప్తిస్మం కూడా కాలేదు. యెరూషలేముకు తిరిగి వెళ్లాక సంఘంలోని కొందరు ఆయన మీద మోపిన నేరం ఏమిటో గమనించండి. సున్నతి లేనివాళ్లకు బోధ ఎందుకు చేశావని అడగలేదు. వాళ్ల ఇంటికి పోయి వాళ్లతో కలిసి భోజనం చేశావు అన్నారు (11:3). పేతురు ఆ రోజు గట్టిగా నిలబడి జవాబు చెప్పాడు.

అలాంటి పేతురు, యెరూషలేము సంఘంలో పెద్దయిన యాకోబు దగ్గర నుంచి కొందరు అంతియొకయకు రాగానే వెనక్కి తగ్గాడు. సున్నతి పొందినవాళ్లకు భయపడి వేరుగా తినడం మొదలుపెట్టాడు. తక్కిన యూదులు కూడా ఆయన వెంటే వెళ్లారు. చివరికి బర్నబా కూడా. పౌలు ఈ మాట రాసేటప్పుడు ఎంత బాధపడి ఉంటాడో అనిపిస్తుంది. అందరూ పౌలును చూసి భయపడుతున్న రోజుల్లో చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది బర్నబానే. అన్యజనుల మధ్య మొదటి సువార్త ప్రయాణం అంతా కలిసి తిరిగింది బర్నబానే. ఇప్పుడు ఆయన కూడా బంతి మార్చాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, అటువైపు వాళ్లను కూడా న్యాయంగా చూడాలి. మన ప్రసంగాల్లో యూదులను, వాళ్లలో ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే పరిసయ్యులను వేషధారులుగా చిత్రించి వదిలేయడం అలవాటైపోయింది. అది సరికాదు. క్రీస్తుకు పూర్వం 167 ప్రాంతంలో సిరియా రాజు అంతియొకస్ ఎపిఫనేస్ సున్నతిని నిషేధించాడు. పంది మాంసం తినమని యూదులను బలవంతం చేశాడు. బిడ్డలకు సున్నతి చేయించిన తల్లులను చంపారు. నిషిద్ధమైనది తినడం కన్నా చావే మేలని ప్రాణాలు ఇచ్చినవాళ్లు ఉన్నారు. ఆ రక్తం చిందిన తర్వాత, ఏం తినాలి, ఎవరితో తినాలి అన్నది వాళ్లకు చిన్న ఆచారంగా మిగల్లేదు. తాతముత్తాతలు ప్రాణాలు పెట్టి కాపాడిన గుర్తు అది. యెరూషలేము నుంచి వచ్చినవాళ్ల మనసులో ఈ బరువంతా ఉండి ఉంటుంది.

ఇంకో మాట. ధర్మశాస్త్రం పాటించి దేవుని దయ సంపాదించుకోవాలని పాత నిబంధన ఎక్కడా చెప్పదు. నిర్గమకాండము 20వ అధ్యాయంలో పది ఆజ్ఞల కన్నా ముందు ఉన్న మాట చూడండి: నిన్ను ఐగుప్తులో దాసుల గృహం నుంచి బయటికి తీసుకొచ్చిన నీ దేవుడనైన యెహోవాను నేనే. పస్కా ముందు, సీనాయి తర్వాత. విడుదల ముందు, ఆజ్ఞ తర్వాత. పౌలుకు ఇది బాగా తెలుసు. అందుకే “ధర్మశాస్త్రము పరిశుద్ధమైనది” అని రోమీయులకు తానే రాశాడు (7:12). గొడవ ధర్మశాస్త్రం మంచిదా చెడ్డదా అన్న దాని మీద కాదు. దేవుని ఇంట్లోకి రావడానికి అది గడపా కాదా అన్న దాని మీద.

ఇప్పుడు అసలు విషయం. అంతియొకయలో పేతురు ఏ తప్పుడు బోధా చేయలేదు. నిలబడి, సున్నతి పొందకపోతే మీకు రక్షణ లేదు అనలేదు. ఆయన నమ్మకం మారిందని పౌలు కూడా అనలేదు. పేతురు నోటితో చేసిందేమీ లేదు. లేచి వెళ్లి ఇంకో చోట కూర్చున్నాడు, అంతే. పౌలు మాత్రం ఆ కూర్చున్న చోటును చూసి, వీళ్లు “సువార్త సత్యము చొప్పున క్రమముగా నడుచుకొనకపోవుట” చూశానంటాడు. అన్యజనులు యూదుల్లా బతకాలని ఎందుకు బలవంతం చేస్తున్నావని అడుగుతాడు. పేతురు ఎవరినీ బలవంతం చేయలేదే? అయినా చేసినట్టే. అంతియొకయలో మొన్న మొన్న ప్రభువును నమ్ముకున్న ఒక గ్రీసు మనిషి స్థానంలో ఉండి చూడండి. యేసుతో తిరిగిన మనిషి నిన్నటి వరకు నీ పక్కన కూర్చుని తిన్నాడు. ఇవాళ దూరంగా కూర్చున్నాడు. నీకు అర్థమయ్యేది ఒక్కటే: నమ్మితే చాలదు, నాకు ఇంకా ఏదో తక్కువైంది. ఆ తక్కువ తీరాలంటే నేను కూడా వాళ్లలా మారాలి.

ఆ “ఇంకా ఏదో తక్కువైంది” అన్న మాట మీదే పౌలు యుద్ధం చేశాడు. క్రీస్తు చేసినదానికి పక్కన ఇంకో షరతు పెడితే, ఆ షరతు ఎంత మంచిదైనా, ఎంత పవిత్రమైనదైనా, క్రీస్తు చేసింది చాలదని చెప్పినట్టే. “నీతి ధర్మశాస్త్రమువలననైతే ఆ పక్షమందు క్రీస్తు చనిపోయినది నిష్‌ప్రయోజనమే” అని 21వ వచనంలో తేల్చేశాడు. ఇంత కఠినమైన మాట సిలువను గురించి బైబిల్లో చాలా అరుదు.

తర్వాత పౌలు యూదుల మూలపురుషుడైన అబ్రాహాము దగ్గరికి వెళ్తాడు. నాకు ఈ వాదన అంటే ప్రాణం. ఎందుకంటే ఇది భావాల మీద కాదు, వరుస మీద ఆధారపడింది. అబ్రాహాము హారాను అనే ఊరు విడిచి బయలుదేరినప్పుడు ఆయనకు 75 ఏళ్లు. కొడుకు ఇష్మాయేలు పుట్టినప్పుడు 86. సున్నతి పొందినప్పుడు 99. “అతడు యెహోవాను నమ్మెను, ఆయన అది అతనికి నీతిగా ఎంచెను” అన్న మాట ఆదికాండము 15వ అధ్యాయంలో ఉంది. అంటే ఇష్మాయేలు ఇంకా పుట్టకముందు. సున్నతి 17వ అధ్యాయంలో వచ్చింది, అప్పటికి ఇష్మాయేలుకు 13 ఏళ్లు. కాబట్టి దేవుడు అబ్రాహామును నీతిమంతుడని ఎంచిన నాటికీ, సున్నతికీ మధ్య 13 ఏళ్లకు పైనే గడిచింది. ఆ 13 ఏళ్లూ అబ్రాహాము ఎవరు? సున్నతి లేని నీతిమంతుడు. అంతియొకయలో ఆ గ్రీసు విశ్వాసి ఎవరో, ఆ రోజుల్లో అబ్రాహాము కూడా అదే. ఆ బంతిలోంచి లేచి వెళ్లినవాళ్లు, అప్పటి తమ తండ్రి అబ్రాహాముతో కూడా కలిసి తినలేని పరిస్థితిలో పడ్డారు. ఇక మోషే ధర్మశాస్త్రం ఆ వాగ్దానం తర్వాత 430 ఏళ్లకు గానీ రాలేదని గలతీయులకు 3:17లో గుర్తు చేస్తాడు. వెనక వచ్చింది ముందు ఇచ్చిన వాగ్దానాన్ని కొట్టేయలేదు.

సున్నతి ఎందుకు మరి? అప్పటికే ఉన్న నీతికి ముద్రగా అంటాడు రోమీయులకు 4:11లో. నీతి ముందు, ముద్ర తర్వాత.

మరి దేవుడు అన్యాయంగా తీర్పు తీరుస్తున్నాడా? దోషిని నిర్దోషి అనడం న్యాయమా? ఇది నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న. సామెతలు 17:15 చదివితే, దుష్టుణ్ణి నిర్దోషి అని తీర్పు తీర్చడం యెహోవాకు అసహ్యం అని ఉంది. రోమీయులకు 4:5లో పౌలు అదే దేవుణ్ణి “భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చువాడు” అంటాడు. ఈ రెండు మాటల మధ్య నిలబడి ఉన్నది సిలువ. మాను మీద వేలాడదీసినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండములో ఉన్న మాటను పౌలు దాచిపెట్టలేదు. తానే ఎత్తి చూపించి, క్రీస్తు మనకోసం ఆ శాపమయ్యాడు అన్నాడు (గలతీ. 3:13). దేవుడు పాపాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేదు. తీర్పు జరిగింది, తన కుమారుని మీద జరిగింది. ఆయనను మృతుల్లోంచి లేపినప్పుడు దేవుడు ఇచ్చిన తీర్పు ఆయనలో ఉన్న మనకు కూడా వర్తిస్తుంది. “మనము నీతిమంతులముగా తీర్చబడుటకై లేపబడెను” అని రోమీయులకు 4:25 చెప్పేది అదే. అందుకే ఈ బోధ శుభ శుక్రవారానిది ఎంతో ఈస్టరుది కూడా అంతే.

ఇంత పెద్ద బోధను యేసు ప్రభువు ఒక చిన్న కథలో ముందే చెప్పారు. లూకా 18లో ఒక పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే ఒక సుంకరి దేవాలయానికి ప్రార్థనకు వెళ్లారు. పరిసయ్యుడు అబద్ధం చెప్పలేదు. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నానన్నాడు, ఉన్నాడు. పదోవంతు ఇచ్చానన్నాడు, ఇచ్చాడు. పైగా దేవా, నీకు కృతజ్ఞతాస్తుతులు అనే మొదలుపెట్టాడు. కానీ అతని ప్రార్థన నిలబడింది పోలిక మీద: ఈ సుంకరిలా నేను లేను. సుంకరి దూరంగా నిలబడి, కళ్లు కూడా ఎత్తలేక, రొమ్ము కొట్టుకుంటూ “దేవా, పాపినైన నన్ను కరుణించుము” అన్నాడు. అతను నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు అన్నారు ప్రభువు. ఎప్పుడు తీర్చబడ్డాడు? ఉద్యోగం మానేశాక కాదు, జక్కయ్య అనే ఇంకో సుంకరిలా నాలుగింతలు తిరిగి ఇచ్చాక కాదు. అదే రోజు, అదే గడప దాటకముందు. మార్పు తర్వాత వచ్చి ఉంటుంది, తప్పకుండా రావాలి కూడా. తీర్పు మాత్రం దాని కోసం ఆగలేదు.

చాలామంది విశ్వాసులు ఇక్కడే చిక్కుకుంటారు. సరే, క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్ల. మరి నా విశ్వాసం సరిపోతుందా? బలంగా ఉందా? ప్రార్థనలో కన్నీళ్లు రావడం లేదు, అంటే నాకు విశ్వాసం లేనట్టేనా? మంచాన పడిన పెద్దవాళ్లు, జీవితమంతా గుడికి వచ్చినవాళ్లు, ఆఖరి రోజుల్లో ఈ టెన్షన్ పడటం చూస్తే మనసు కలుక్కుమంటుంది. తెలియకుండానే విశ్వాసాన్ని కూడా ఒక క్రియ చేసేశాం. దానికీ కొలత పెట్టేశాం. పౌలు చెప్పేది అది కాదు. విశ్వాసం అంటే మనం దేవునికి చెల్లించే వెల కాదు, ఆయన ఇచ్చేదాన్ని అందుకోవడం. అబ్రాహాము కూడా తడబడ్డాడు. దేవుడు నీతిమంతుడని ఎంచిన తర్వాతి అధ్యాయంలోనే దాసి హాగరు వల్ల బిడ్డను కన్న సంగతి ఉంది. ఇస్సాకు పుడతాడని దేవుడు చెప్పినప్పుడు సాగిలపడి నవ్వాడు. అయినా ఆ తీర్పు చెరిగిపోలేదు. గట్టిగా ఉండాల్సింది మన పట్టు కాదు, మనం పట్టుకున్నవాడు.

సంఘ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ పడిన వేదన కూడా ఇదే. ఎర్ఫర్ట్‌లో అగస్టీనియన్ సన్యాసిగా ఉన్నప్పుడు ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపపు ఒప్పుకోలు, అన్నీ చేసినా మనసుకు నెమ్మది దొరకలేదు. రోమీయులకు 1:17 దగ్గర, నీతిమంతుడు విశ్వాసమూలంగా జీవిస్తాడు అన్న హబక్కూకు ప్రవక్త మాట దగ్గర తనకు తలుపు తెరుచుకుందని 1545లో తన లాటిన్ రచనల సంపుటికి రాసిన ముందుమాటలో చెప్పుకున్నాడు. 1547లో కాథలిక్ సంఘపు ట్రెంట్ సభ దానికి భిన్నంగా తీర్పు చెప్పింది. నాలుగు వందల ఏళ్లకు పైగా రెండు సంఘాలు దీని మీద విడిపోయి ఉన్నాయి. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం ఈ బోధ మీద ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. అన్ని తేడాలూ పోలేదు. ప్రభువు బల్ల దగ్గర ఆ రెండు సంఘాలూ ఇప్పటికీ కలిసి కూర్చోవు. అంతియొకయ గుర్తొచ్చేది అందుకే. మాటల్లో ఒప్పందం కుదిరినా, బల్ల దగ్గరికి వచ్చేసరికి ఇంకా దూరం మిగిలి ఉంటుంది.

యాకోబు పత్రిక సంగతి అడగకుండా ఎవరూ ఉండరు. మనుష్యుడు విశ్వాసమూలమున మాత్రము గాక క్రియలమూలమునను నీతిమంతుడని యెంచబడును అని 2:24లో ఉంది కదా? ఉంది. అక్కడ యాకోబు మాట్లాడేది దేవుడు ఒక్కడే అని నమ్మి వణికే దయ్యాల విశ్వాసాన్ని గురించి, ఆకలితో ఉన్న సహోదరుణ్ణి సమాధానంగా వెళ్లమని ఒట్టి చేతులతో పంపే విశ్వాసాన్ని గురించి. దాన్ని పౌలు కూడా విశ్వాసం అనడు. ఆయన చెప్పింది “ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసము” (గలతీ. 5:6). ఇంట్లో బిడ్డ నీళ్లు మోస్తాడు, పశువులకు మేత వేస్తాడు. బిడ్డ అనిపించుకోవడానికి కాదు, బిడ్డ కాబట్టి. సాయంత్రం కూలి లెక్క అడగడు. క్రియలకు ఉన్న చోటు అదే.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నన్ను కదిలించిన సంగతి ఇంకొకటి ఉంది. యాకోబు తన రెండో అధ్యాయాన్ని దేనితో మొదలుపెట్టాడు? కూర్చునే చోటుతో. బంగారు ఉంగరం పెట్టుకుని మంచి బట్టలు కట్టుకున్నవాడు సమాజంలోకి వస్తే ఇక్కడ బాగా కూర్చోండి అంటారు, మురికి బట్టల బీదవాడు వస్తే అక్కడ నిలబడు, లేదా నా పాదపీఠం దగ్గర కూర్చో అంటారు, ఇది మీకు తగునా అని అడిగాడు. విశ్వాసం, క్రియలు అనే ఆ వాదనంతా దాని తర్వాతే. అంతియొకయలో పౌలుకు కోపం తెప్పించిందీ, యాకోబును బాధపెట్టిందీ ఒకటే. దేవుడు లోపలికి పిలిచిన మనిషికి మనం చోటు చూపించే తీరు.

ఈ సంగతి మన తెలుగు నేల మీదికి కూడా వచ్చింది. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరుకు వచ్చినప్పుడు లూథరన్ బోధతో పాటు గలతీయులకు 2:16 కూడా వచ్చింది. కానీ అంతియొకయ పరీక్ష పూర్తిగా ఎదురైంది ఒంగోలు ప్రాంతంలో అనిపిస్తుంది. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోలు పని చేసే మాదిగ కుటుంబంలోని మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనకాల ఆయన మనుషులు రావడం మొదలైంది. అప్పుడు ఒంగోలులోని పై కులాలవాళ్లు, వీళ్లను చేర్చుకుంటే మేము రాము అన్నారు. బడిలో చదివే పిల్లలు వెళ్లిపోయారు. మిషనరీ జాన్ క్లౌ, ఆయన భార్య ఆ రోజు వేర్వేరుగా బైబిలు తెరిచి చదివితే, ఇద్దరికీ కొరింథీయులకు మొదటి పత్రికలోని ఒకే మాటలు ఎదురయ్యాయని క్లౌ తన జీవిత కథలో చెప్పుకున్నాడు. లోకరీతిని జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశమువారు అనేకులు పిలువబడలేదు అన్న మాటలు. పై కులాలవాళ్ల కోసం పేరయ్యను ఆపలేదు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు.

యొప్పేలో పేతురు దిగిన ఇల్లు చర్మకారుడిది. యూదుల్లో కూడా ఆ పనిని చిన్నచూపు చూసేవారు. దేవుడు పేతురుకు దర్శనం ఇవ్వడానికి ఆ మిద్దెనే ఎంచుకున్నాడు. ఒంగోలు కథ తెలిసిన మనం ఆ వచనాన్ని దాటేసి వెళ్లలేం.

అయితే అక్కడితో అయిపోలేదు. చాలా ఊళ్లలో ఈనాటికీ ఒక పేటలో ఒక చర్చి, పక్క పేటలో ఇంకో చర్చి ఉన్నాయి. రెండిట్లోనూ ఒకే బైబిలు, ఒకే పాటలు. ఒకరి సంఘంలో రొట్టె విరిచినప్పుడు ఇంకొకరు ఆ గుమ్మం తొక్కరు. పెళ్లి సంబంధం వచ్చిందంటే ఆదివారం నాడు సహోదరుడా అని పిలిచిన నోరే మొదటి మాటగా కులం అడుగుతుంది. బాప్తిస్మం ముంచి ఇచ్చారా, చల్లి ఇచ్చారా అని అడిగి మనిషిని తూచేవాళ్లున్నారు. నగలు పెట్టుకుందని, శ్రమల దినాల్లో ఉపవాసం ఉండలేదని, దశమభాగం తక్కువైందని విశ్వాసిని వెనక వరసకు నెట్టేవాళ్లున్నారు. ఉపవాసం మంచిది. ఇవ్వడం మంచిది. వీటిని ఎవరూ కాదనరు. సున్నతి కూడా దేవుడు ఇచ్చినదే కదా. మంచి అలవాటు పక్కవాడి చోటును తేల్చే కొలబద్ద అయిన రోజున, మనం అంతియొకయలో పేతురు చేసిన పనే చేస్తున్నాం. నోటితో గలతీయులకు 2:16 చెబుతూ, కూర్చునే చోటుతో దాన్ని కాదంటున్నాం.

పేతురు పౌలుకు ఏం జవాబు చెప్పాడో గలతీ పత్రికలో లేదు. కానీ అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సభ ఉంది. అది అంతియొకయ గొడవకు ముందు జరిగిందా తర్వాత జరిగిందా అన్నదాని మీద పండితుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. ఏదైనా సరే, ఆ సభలో లేచి మాట్లాడింది పేతురే. మన పితరులూ మనమూ మోయలేని కాడిని వీళ్ల మెడ మీద ఎందుకు పెడతారని అడిగి, ప్రభువైన యేసు కృపచేత మనము రక్షణ పొందుదుము, అలాగే వారును పొందుదురు అన్నాడు. వాళ్లు మనలా రక్షణ పొందుతారని చెప్పినా సరిపోయేది. పేతురు తమను ముందుపెట్టి మొదలుపెట్టాడు. మనకు కూడా కృప తప్ప ఇంకో దారి లేదు అన్నట్టు. అదే సభలో యాకోబు కూడా, దేవుని వైపు తిరిగిన అన్యజనులను కష్టపెట్టకూడదు అన్నాడు. విగ్రహాలకు అర్పించినవాటికి, రక్తానికి, గొంతు పిసికి చంపినదానికి, జారత్వానికి దూరంగా ఉండమని మాత్రం ఉత్తరం రాశారు. రక్షణకు షరతుగా కాదు, ఇద్దరూ కలిసి ఒక బల్ల దగ్గర తినగలగడానికి. స్వేచ్ఛ పొందినవాళ్లు పక్కవాడి మనస్సాక్షి కోసం కొంచెం సర్దుకోవడం వేరు, పక్కవాణ్ణి నాలా మారితేనే కలుపుకుంటాను అనడం వేరు.

చివరిగా మన సంఘ పెద్దలను ఒకటి అడగాలని ఉంది. క్రిస్మస్‌కో, సంఘ వార్షికోత్సవానికో మనం ప్రేమ విందు పెడతాం. చాలా చోట్ల పాస్టరు గారికి, పిలిచిన అతిథులకు, కమిటీవాళ్లకు లోపల గదిలో బల్లలు వేసి ముందు వడ్డిస్తారు. తక్కినవాళ్లు బయట షామియానా కింద వరుసలో నిలబడతారు. వాళ్లను గౌరవించాలన్న మంచి ఉద్దేశంతోనే చేస్తున్నారని నాకు తెలుసు. ఈసారి ఆ గదికి తాళం వేయండి. పాస్టరు గారినీ, అతిథులనూ షామియానా కిందికే తీసుకురండి. పొలం పని నుంచి వచ్చి గుడి వెనక వరసలో కూర్చునే వాళ్ల మధ్య వాళ్లకు విస్తరి వేయండి. వడ్డన ఆ వెనక వరస నుంచి మొదలుపెట్టండి.